చేతి మీద వారం, ముఖం మీద మూడు నెలలు

ప్రశ్న: నా వయసు 26. కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగం. గడ్డం దగ్గర, బుగ్గల మీద మొటిమలు వస్తుంటాయి. అవి తగ్గినా నల్లమచ్చలు మిగిలిపోతాయి. మాఘమాసంలో పెళ్లి. ఇంకా నాలుగు నెలలుంది కదా అని ఆన్‌లైన్‌లో ఒక సెట్టు తెప్పించుకున్నాను: ఫేస్‌వాష్, విటమిన్ సి సీరమ్, నియాసినమైడ్ సీరమ్, రాత్రి రాసే యాసిడ్ పీల్, జెల్ క్రీము. అన్నీ ఒకే రోజు మొదలుపెట్టాను. మొదటి వారం ముఖం మెరిసింది. ఇప్పుడు మూడో వారం. బుగ్గలు మండుతున్నాయి, నుదుటి మీద సన్నసన్నగా పొక్కులు లేచాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘అది పర్జింగ్ మేడమ్, లోపలున్నదంతా బయటికి వస్తోంది, ఆపకండి’ అన్నారు. ఇదే సెట్టు మా వదినకి బాగా పనిచేసింది. మా పిన్ని ‘ఇవన్నీ ఎందుకే’ అని తను వాడే తెల్ల ట్యూబు ఇచ్చింది. నాలుగు రాత్రులు రాస్తే మచ్చలు నిజంగానే తేలికయ్యాయి. ఏది వాడాలి, ఏది ఆపాలి? అసలు ఒక క్రీము మనకు పడుతుందో లేదో, పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం ఎలా?
— పేరు వద్దు, కరీంనగర్

సమాధానం: ముందు ఈ రాత్రికి ఏం చేయాలో చెప్తాను, మిగతాది తర్వాత. ఆ ఐదూ పక్కన పెట్టేయండి. పిన్నిగారి ట్యూబు కూడా. పారేయక్కర్లేదు, డబ్బు పెట్టి కొన్నవి, వాటితో తర్వాత పనుంది. రెండు వారాల పాటు ముఖానికి మూడే మూడు: నురుగు తక్కువగా వచ్చే, వాసన లేని ఫేస్‌వాష్ (పొద్దున్న ఉత్త నీళ్లయినా చాలు), గ్లిజరిన్, సెరమైడ్‌లు ఉన్న సాదా మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. సన్‌స్క్రీన్ కూడా మండితే జింక్ ఆక్సైడ్ ఉన్నది చూసుకోండి. అదీ మండితే ఆ నాలుగు రోజులూ గొడుగే. వేడినీళ్లతో ముఖం కడగడం, టవలుతో రుద్దడం, ఆవిరి పట్టడం వద్దు. మంట రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. పట్టకపోతే ఇంట్లో కూర్చుని చూడకుండా దగ్గర్లోని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.

మీ జాబితా రెండుసార్లు చదివాను. అందులో సన్‌స్క్రీన్ లేదు. రాత్రి పూట యాసిడ్ రాయించి, పొద్దున్నే కరీంనగర్ ఎండలోకి ఉత్త ముఖంతో పంపించే సెట్టును ఎవరు కూర్చారో గానీ, వాళ్లకు మీ మచ్చల మీద పెద్ద పట్టింపు ఉన్నట్టు లేదు. గ్లైకాలిక్ లాంటి యాసిడ్‌లు పైపొరను పలచన చేస్తాయి, దాంతో ఎండ తొందరగా తగులుతుంది. మన రంగు చర్మానికి ఎండ తగిలినా, మంట పుట్టినా మొదట కనిపించేది నలుపే. అంటే మచ్చలు పోవాలని రాసినవే కొత్త మచ్చలు తెచ్చిపెట్టవచ్చు.

ఇక ఆ ‘పర్జింగ్’ సంగతి. మాట పూర్తిగా అబద్ధం కాదు. మొటిమ పైకి కనిపించడానికి వారాల ముందే లోపల రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. అడాపలీన్, ట్రెటినాయిన్, రెటినాల్ లాంటివి (వీటిని రెటినాయిడ్‌లు అంటారు), కొంతవరకు యాసిడ్‌లు, చర్మకణాలు రాలిపోయే వేగాన్ని పెంచుతాయి. అందువల్ల లోపల దాగి ఉన్నవి కాస్త ముందుగా బయటపడతాయి. అయితే అవి మీకు ఎప్పుడూ వచ్చే చోటే వస్తాయి, ఎప్పుడూ వచ్చేవాటిలాగే ఉంటాయి, ఒక్కోటి త్వరగా మానిపోతుంది, నాలుగు నుంచి ఆరు వారాల్లో మొత్తం సద్దుమణుగుతుంది. ఫేస్‌వాష్‌కి, విటమిన్ సికి, నియాసినమైడ్‌కి పర్జింగ్ ఉండదు. వాటితో పొక్కులు వచ్చాయంటే అవి పడలేదనే అర్థం. మీకు మొటిమలొచ్చేది గడ్డం, బుగ్గల మీద. ఇప్పుడు పొక్కులు లేచింది నుదుటి మీద. పైగా మంట. మంట పర్జింగ్‌లో భాగం కాదు, చర్మం పైపొర దెబ్బతిన్న గుర్తు. లోపలున్న ‘చెడు’ అంతా బయటికి పోతోందనే ఊహ వినడానికి బాగుంటుంది, అందుకే సరుకు వెనక్కి రాకుండా చూసుకోవడానికి అంత బాగా పనికొస్తుంది.

నుదుటి పొక్కులకు ఇంకో రెండు కారణాలు కూడా అడగాలి. తలకు నూనె పెట్టుకుని పడుకుంటారా? నూనె నుదుటి మీదకు జారి రంధ్రాలు మూసుకుపోవడం మా దగ్గర నిత్యం చూసేదే. రెండోది, ఆ పొక్కులన్నీ ఒకే సైజులో ఉండి దురద పెడుతున్నాయా? అలాగైతే అవి మొటిమలు కాకపోవచ్చు, చర్మం మీద సహజంగా ఉండే ఒక రకం ఈస్ట్ పెరిగిపోవడం వల్ల కావచ్చు. పిన్నిగారి ట్యూబు లాంటివి రాసినప్పుడు ఇది మరీ ఎక్కువ. దీనికి మొటిమల మందు పనిచేయదు, వేరే మందు ఉంటుంది.

ఆ ట్యూబు గురించి ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదొక్కటే. దాన్ని వెలుతురులో పెట్టి చదవండి. ఆర్‌ఎక్స్ అనే గుర్తు, పక్కన ఎర్ర గీత ఉన్నాయా? పేర్లలో క్లోబెటాసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ లాంటిది ఏదైనా కనిపిస్తోందా? కనిపిస్తే అది స్టెరాయిడ్. చాలా ట్యూబుల్లో మూడు కలిపి ఉంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితో పాటు ఒక స్టెరాయిడ్. మంగుకి డాక్టరు రాసిచ్చి, గట్టిగా కొన్ని వారాలు మాత్రమే వాడించే మందు అది. మన దగ్గర అది మందుల షాపు నుంచి చీటీ లేకుండా బయటికొచ్చి, పిన్నుల నుంచి కూతుళ్లకు, పార్లర్ నుంచి పెళ్లికూతుళ్లకు చేరిపోయింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటరు దగ్గర మాత్రం ‘తెల్లబడే క్రీము’ అనడిగితే ఇప్పటికీ చేతిలో పెట్టే షాపులున్నాయి.

నాలుగు రాత్రుల్లో మచ్చలు తేలికయ్యాయి అన్నారు. నిజమే, అవుతాయి. స్టెరాయిడ్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది, ఎరుపు పోతుంది, ముఖం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. అంత తొందరగా పనిచేసింది కాబట్టే అనుమానించాలి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్న ఎర్రనరాలు తేలతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, మొటిమలు గుంపుగా లేస్తాయి. ఆపుదామని చూస్తే ముఖం ఎర్రగా కందిపోయి మంటలు, దాంతో మళ్లీ రాయడం. తామర మీద రాస్తే అది తగ్గినట్టు కనిపించి లోపల్లోపల పాకుతుంది. మీరు రాసింది నాలుగు రాత్రులే కాబట్టి ఆపేస్తే సరిపోతుంది. పిన్నిగారు ఏళ్లుగా రాస్తుంటే ఆవిడ మాత్రం ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టరును కలిసి మెల్లగా తగ్గించుకోవాలి. ‘నీ క్రీము పనికిరాదు’ అంటే ఆవిడ నొచ్చుకుంటారు. ‘డాక్టరు నీ ట్యూబు కూడా చూడాలన్నారు పిన్నీ’ అనండి, పని జరుగుతుంది.

కంపెనీ చిరునామా, లైసెన్సు నంబరు ఏమీ లేని డబ్బా క్రీములు ఇంతకంటే ప్రమాదం. వాటిలో పాదరసం ఉండే అవకాశం ఉంది. మన కాస్మెటిక్స్ నిబంధనలు 2020 ప్రకారం ముఖానికి రాసే క్రీముల్లో పాదరసం పొరపాటున చేరినా పది లక్షల్లో ఒక వంతు మించకూడదు. కేరళలో మలప్పురం జిల్లా కోట్టక్కల్ డాక్టర్లు 2021 నుంచి 2023 వరకు మూత్రంలో ప్రొటీన్ పోతూ వచ్చిన కిడ్నీ రోగుల్ని పరిశీలించారు. ఒక ప్రత్యేక రకం కిడ్నీ జబ్బు తేలిన 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. ముఖానికి రాసింది మూత్రపిండం దాకా వెళ్లింది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. అందులో రెండు ప్రశ్నలున్నాయి, మనమంతా కలిపేస్తాం: ‘నాకు పడుతుందా’ అన్నది ఒకటి, ‘పనిచేస్తుందా’ అన్నది రెండోది. మొదటిదానికి జవాబు వారం పది రోజుల్లో దొరుకుతుంది, అదీ చేతి మీద. రెండోదానికి మూడు నెలలు పడుతుంది, అది ముఖం మీదే తేలాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మూడో రోజుకే ‘సూపర్‌గా పనిచేస్తోంది’ అని చెల్లెలికి కూడా కొనిపెడతారు. పడటం లేదని చర్మం మొత్తుకుంటున్నా మూడు నెలలు ఓపిక పడతారు.

మొదటి వారం మెరుపునే తీసుకోండి. యాసిడ్ పైన ఉన్న మృతకణాల్ని రాల్చేసింది, ఉపరితలం నున్నగా అయింది, పైన జెల్ క్రీము తడి పట్టి ఉంచింది. నున్నటి, తడిగా ఉన్న తలం మీద వెలుతురు బాగా పడుతుంది. అంతే, మచ్చలో ఉన్న రంగు ఒక్క పిసరు కూడా కదల్లేదు. అలాగే ‘చురుక్కుమంటోంది కాబట్టి పనిచేస్తోంది’ అనేదాన్ని కూడా నమ్మకండి. చురుక్కుమనడం దానికదిగా గొప్ప కాదు.

చేతి మీద పరీక్ష ఎలా చేయాలో కాస్త వివరంగా చెప్తాను. చాలామంది మణికట్టు మీద ఒకసారి రాసి, సాయంత్రానికి ఏమీ కాలేదని రాత్రికి ముఖానికి పట్టించేస్తారు. దానివల్ల ఏమీ తెలియదు. చర్మం ఎదురుతిరగడంలో రెండు రకాలున్నాయి. ఒకటి ఒరిపిడి లాంటిది: వస్తువు ఘాటు ఎక్కువై చర్మాన్ని గాయపరచడం. ఇది నిమిషాల్లోనో, గంటల్లోనో, రోజూ రాయగా రాయగానో తెలుస్తుంది. రెండోది ఎలర్జీ: ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ పదార్థాన్ని గుర్తుపట్టి మీద పడటం. ఇంతకుముందు ఆ పదార్థంతో పరిచయం ఉంటే ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. కొత్త పరిచయమైతే ఎలర్జీ పుట్టడానికే పది రోజులు, అంతకంటే ఎక్కువ కూడా పట్టవచ్చు. అందుకే ఒక్క పూట పరీక్షకు అర్థం లేదు.

మోచేతి మడతకు రెండు వేళ్ల కింద, లోపలి వైపు, బాల్‌పెన్నుతో రూపాయి బిళ్లంత గుండ్రం గీయండి. అందులో పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి, ముఖానికి ఎంత మందంగా రాస్తారో అంతే రాయండి. ప్లాస్టర్ వేయకండి, మూసిపెడితే మామూలు క్రీము కూడా మండుతుంది. స్నానంలో గీత చెరిగితే మళ్లీ గీసుకోండి. ఏడు నుంచి పది రోజులు ఇలా సాగాలి. ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఇంకొకటి చొప్పున ఒకేసారి రెండు వస్తువులు చూసుకోవచ్చు, ఏ చేతికి ఏదో రాసిపెట్టుకుంటే చాలు. ఫేస్‌వాష్, పీల్ లాంటి కడిగేసేవాటిని మాత్రం అలా వదిలేయకూడదు. సీసా మీద పది నిమిషాలని ఉంటే చేతి మీదా పది నిమిషాలే, తర్వాత కడిగేయాలి.

దురద, ఉబ్బు, నీటి పొక్కులు, గీత దాటి పాకే ఎరుపు, వీటిలో ఏది కనిపించినా అది మీది కాదు. కడిగేసి ఊరుకోండి, ‘ఇంకో రెండు రోజులు చూద్దాం’ వద్దు. రెటినాయిడ్‌లు, యాసిడ్‌ల విషయంలో కొద్దిగా ఎర్రబడటం, పొలుసు రాలడం వాటి స్వభావమే, దురదా ఉబ్బూ లేనంతవరకు కంగారు పడక్కర్లేదు. చేతి మీద గెలిచినదాన్ని కూడా నేరుగా ముఖమంతా పూయకుండా, చెవి కింద దవడ అంచున మూడు నాలుగు రాత్రులు రాసి చూడండి. ముఖం చర్మం చేతి చర్మం కంటే సున్నితం. ఇంత చేసినా ఈ పరీక్ష చెప్పలేనిది ఒకటుంది: ఆ క్రీము రంధ్రాలు మూసి మొటిమలు తెస్తుందా లేదా అన్నది చేతి మీద తెలియదు, అక్కడ ముఖంలో ఉన్నన్ని నూనె గ్రంథులు లేవు కదా. అది ముఖం మీద వారాల్లోనే బయటపడాలి.

ఎలర్జీ అని గట్టి అనుమానం ఉంటే మేం క్లినిక్‌లో చేసే ప్యాచ్ టెస్టు వేరే ఉంది. చిన్న చిన్న బిళ్లల్లో రకరకాల పదార్థాలు పెట్టి వీపుకు అంటించి, 48 గంటలకు తీసి చూసి, మళ్లీ 72 లేదా 96 గంటలకు ఇంకోసారి చూస్తాం. యాడాసోన్ అనే జర్మన్ డాక్టరు 1895లో దీన్ని లోకానికి చూపించాడు. ఆయన పరీక్షించింది పాదరసం మందు పడనివాళ్లని. నూట ముప్పై ఏళ్ల తర్వాత మనం అదే పాదరసాన్ని డబ్బాల్లో కొనుక్కుని రాసుకుంటున్నాం!

మరి మీ ఐదింటిలో ఏది మండించింది? నా అనుమానం యాసిడ్ పీల్ మీదే. విటమిన్ సి సీరమ్‌లు కూడా ఘాటుగానే ఉంటాయి. నియాసినమైడ్ సాధారణంగా సాధువే, కానీ 10 శాతం పెట్టి అమ్మేవి కొందరికి ఎర్రదనం తెస్తాయి, పరిశోధనల్లో ఎక్కువగా వాడింది 2 నుంచి 5 శాతమే. ఇదంతా ఊహే సుమా. ఐదుగురు కలిసి వండిన కూరలో ఉప్పు ఎవరు ఎక్కువ వేశారో చెప్పమంటే ఎవరు మాత్రం ఏం చెప్తారు? అందుకే ఒకసారికి ఒకటే కొత్తది. అది కుదురుకున్నాక, కనీసం నాలుగు వారాలు గడిచాక, ఇంకొకటి.

మీ వదిన సంగతి. ఆవిడకి పనిచేసిందంటే నేను నమ్ముతాను. ఆవిడది జిడ్డు చర్మమేమో, ఆవిడ పీల్ వారానికి ఒకసారే రాశారేమో, ఏసీ గదిలో ఉంటారేమో. అదీ కాక, ఆవిడ మచ్చలు వాటంతటవే తగ్గే సమయానికి సెట్టు వచ్చి ఉండవచ్చు. ఇది మీకూ వర్తిస్తుంది, కాస్త ఆగి ఆలోచించాల్సిన విషయం. మొటిమలు ఎప్పుడూ ఒకేలా ఉండవు, నెలసరికి ముందు పెరుగుతాయి, తర్వాత తగ్గుతాయి. మనం క్రీము కొనేది ముఖం మరీ పాడైన రోజున. మరీ పాడైన రోజు తర్వాత వచ్చేది ఎలాగూ కాస్త మంచి రోజే. మొటిమ మానాక మిగిలే నల్లమచ్చ కూడా ఎండ తగలకుండా, గిల్లకుండా ఉంటే నెలల మీద దానంతటదే పలచబడుతుంది. ఆ కీర్తి అప్పుడు చేతిలో ఉన్న సీసాకి పోతుంది.

దీన్ని తప్పించుకోవాలంటే జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. పొద్దున్నే ముఖం కడిగాక ఒకే కిటికీ దగ్గర, ఒకే సమయానికి, ఫ్లాష్ లేకుండా మూడు ఫోటోలు: ఎదురుగా ఒకటి, రెండు బుగ్గలవీ రెండు. సెల్ఫీ కెమెరాతో వద్దు. చాలా ఫోన్లు మనం అడగకపోయినా ముఖాన్ని నున్నగా చేసేస్తాయి. వెనక కెమెరాతో ఇంట్లో ఎవరినైనా తీయమనండి, బ్యూటీ మోడ్ ఆపేసి. మొదలుపెట్టే రోజున, ఆ తర్వాత నాలుగు వారాలకొకసారి తీస్తే చాలు. రోజూ తీస్తే తేడా తెలియదు, టెన్షన్ ఒక్కటే పెరుగుతుంది. మొటిమల్ని వారానికోసారి లెక్కపెట్టి వంటింట్లో గోడ క్యాలెండర్ మీద, పాలవాడి లెక్క, గ్యాస్ బుకింగ్ రాసే చోటే రాసేయండి. పక్కనే నెలసరి తేదీ, నిద్రలేని రాత్రులు, ఊరెళ్లిన రోజులు కూడా. మూడు నెలల తర్వాత ఆ గళ్లు చూస్తే మొటిమలు దేనితో పెరిగాయో చాలావరకు అక్కడే కనిపిస్తుంది.

ఎన్ని వారాలకు చూడాలి అంటే వస్తువును బట్టి ఉంటుంది. మాయిశ్చరైజర్ పనితనం రోజుల్లోనే తెలుస్తుంది, రెండు వారాలకీ ముఖం బిగుసుకుపోతుంటే అది మీకు చాలదు. మొటిమలకు సాలిసిలిక్ యాసిడ్, బెంజోయిల్ పెరాక్సైడ్ లాంటివి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అడాపలీన్ పన్నెండు వారాలు. మచ్చలకు నియాసినమైడ్ అయినా, విటమిన్ సి అయినా, అజెలాయిక్ యాసిడ్ అయినా ఎనిమిది నుంచి పన్నెండు. ముడతల జోలికి మీరిప్పుడు పోనక్కర్లేదు. సన్‌స్క్రీన్ విషయంలో కంటికి కనిపించే ఫలితం ఏదీ ఉండదు, ముఖం ఉన్నట్టే ఉంటుంది, దాని పనే అది. మీ వయసులో పైపొర పూర్తిగా మారడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి దానికంటే ముందు ‘మచ్చ పోయింది’ అంటే నాకు పిన్నిగారి ట్యూబే గుర్తొస్తుంది.

ఓపిక ఉంటే సగం ముఖం పరీక్ష చేయవచ్చు. మచ్చలకు రాసే సీరమ్ కుడి బుగ్గకు మాత్రమే, ఎడమ బుగ్గకు వట్టి మాయిశ్చరైజర్, ఎనిమిది వారాలు. తర్వాత రెండు బుగ్గల ఫోటోలూ విషయం తెలియని స్నేహితురాలికి చూపించి ఏది నయమో అడగండి. ఆమె తేల్చుకోలేకపోయిందంటే ఆ సీరమ్ మళ్లీ కొనకండి. ఒక్క జాగ్రత్త: రోజూ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఒక బుగ్గకే ఎండ ఎక్కువ తగులుతుంది, ఆ లెక్క కలుపుకోవాలి. పెళ్లి ముందు మాత్రం ఈ ప్రయోగం వద్దులెండి, ఫోటోగ్రాఫర్ ఏ వైపు నుంచి తీయాలో తెలియక ఇబ్బంది పడతాడు.

లేబుల్ మీద రాతల్లో ‘డెర్మటాలజిస్ట్ టెస్టెడ్’, ‘హైపోఎలర్జెనిక్’, ‘కెమికల్ ఫ్రీ’ అన్నవి చూసి మురిసిపోకండి. నీళ్లు కూడా కెమికలే. చూడాల్సినవి తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ. దిగుమతి సరుకైతే ఇక్కడి దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటే తెరిచాక అన్ని నెలలే. విటమిన్ సి సీరమ్ ముదురు నారింజ, గోధుమ రంగుకు తిరిగితే అది పాడైనట్టే. శాతం పెద్దదైతే పని ఎక్కువ అనే లెక్క కూడా అన్నిచోట్లా చెల్లదు: బెంజోయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం, 10 శాతం దాదాపు సమానంగానే పనిచేస్తాయని, మంట మాత్రం పెద్దదానికే ఎక్కువని 1980ల్లోనే తేలింది. దాంతో దిండు గలీబులు, టవళ్లు రంగు పోతాయి, తెల్లవి వాడుకోండి.

‘ఇవన్నీ ఎందుకు, ఇంట్లో చేసుకునేవి మంచివి కదా’ అని ఎవరో ఒకరు అంటారు. సున్నిపిండి, శనగపిండి, పెరుగు చాలామందికి పడతాయి, కానీ వాటికీ చేతి మీద పరీక్ష ఉండాల్సిందే. నిమ్మరసం మాత్రం ముఖానికి వద్దు. అది రాసుకుని ఎండలోకి వెళ్తే కాలినట్టు పొక్కి, నెలల తరబడి పోని నల్లచార మిగులుతుంది. నుదుటి మీద నలుపు వస్తే క్రీముల కంటే ముందు కుంకుమను, జుట్టు రంగును అనుమానించండి. బొట్టుబిళ్ల జిగురులో ఉండే ఒక రసాయనం వల్ల సరిగ్గా ఆ బిళ్లంత మేర చర్మం తెల్లబడిన ఆడవాళ్లూ ఉన్నారు.

మీ నాలుగు నెలల్ని ఎలా వాడుకోవాలో చెప్తాను. మొదటి రెండు వారాలు విశ్రాంతి. మంట పూర్తిగా పోయాక సన్‌స్క్రీన్ అలవాటు గట్టిపడాలి: ఎస్‌పీఎఫ్ 30 పైన, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలంత, ముఖానికీ మెడకీ కలిపి. ఎండలో చర్మాన్ని కాల్చే కిరణాల్లో ఎస్‌పీఎఫ్ 30 సుమారు 97 శాతం, 50 సుమారు 98 శాతం ఆపుతాయి, కాబట్టి నంబరు కంటే ఎంత రాశారన్నదే ముఖ్యం. మచ్చలకు మీరు పెట్టే ఖర్చులో ఎక్కువ ఫలితం దీని నుంచే వస్తుంది. ఈలోగా మోచేతి దగ్గర అజెలాయిక్ యాసిడ్ 10 శాతం పరీక్షించండి. అది మొటిమకీ, మచ్చకీ రెండింటికీ పనికొస్తుంది కాబట్టి మీకు రెండు సీసాల ఖర్చు తప్పుతుంది. పడితే ముఖానికి మొదట రోజు విడిచి రోజు రాత్రి, బఠాణీ గింజంత, మాయిశ్చరైజర్ తర్వాత. రెండు వారాలు ఇబ్బంది లేకపోతే రోజూ. మీ సెట్టులోని నియాసినమైడ్ చేతి పరీక్ష గెలిస్తే దాన్ని ఆ తర్వాత చేర్చవచ్చు. యాసిడ్ పీల్‌ని పెళ్లయ్యేదాకా మర్చిపోండి. ఎవరైనా రెటినాల్, అడాపలీన్ సూచిస్తే ఒక మాట గుర్తుంచుకోండి: పెళ్లి తర్వాత బిడ్డ కోసం ప్రయత్నం మొదలుపెట్టేలోగా అవి ఆపేయాలి. అజెలాయిక్ యాసిడ్‌కి ఆ భయం లేదు.

పెళ్లికి నెల ముందు నుంచి ముఖానికి కొత్తదేదీ వద్దు. పార్లర్ వాళ్ల ‘బ్రైడల్ ప్యాకేజ్’లో ఫేషియల్, బ్లీచ్ ఉంటే అవి నెల ముందే ఒకసారి చేయించుకుని చూడాలి, చివరి వారంలో అసలు వద్దు. వ్యాక్సింగ్, థ్రెడింగ్‌కి నాలుగైదు రోజుల ముందు నుంచి రాత్రి మందులు ఆపండి. మేకప్ ట్రయల్ అడిగి చేయించుకోండి, ఆ ఫౌండేషన్ కొద్దిగా ఇంటికి తెచ్చుకుని దవడ అంచున రాసి చూడండి. మెహందీకి నల్లటి రంగు తొందరగా వచ్చే కోన్‌లు వద్దు, జుట్టు రంగులో ఉండే పీపీడీ అనే రసాయనం వాటిలో కలిపే అవకాశం ఉంది, చేతుల నిండా పొక్కులతో పీటల మీద కూర్చోవాల్సి వస్తుంది. పెళ్లికూతుర్ని చేసే రోజున నలుగు సంగతి అమ్మకు ముందే చెప్పి ఉంచండి: చేతులకి, కాళ్లకి ఎంతైనా రుద్దనివ్వండి, ముఖానికి మాత్రం బొట్టులా తాకించి వదిలేయమనండి. ముత్తైదువులంతా తలో చెయ్యీ వేసి సున్నిపిండితో బుగ్గలు రుద్దితే నాలుగు నెలల కష్టం ఒక పూటలో పోతుంది.

కనురెప్పలు, పెదవులు ఉబ్బినా, నీటి పొక్కులు లేచి రసి కారినా, ఊపిరి ఆడనట్టు అనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అవేమీ లేకుండా, పన్నెండు వారాలు చెప్పినట్టే చేసినా గడ్డం దగ్గర మొటిమలు లోతుగా, గడ్డల్లా, నెలసరికి ముందు క్రమం తప్పకుండా వస్తుంటే ఇక పైపూతలతో లాభం లేదు. నెలసరి తేదీలు అటూ ఇటూ అవుతున్నాయా, గడ్డం మీద గట్టి వెంట్రుకలు వస్తున్నాయా, ఏడాదిలో బరువు పెరిగిందా అని మీ డాక్టరు అడుగుతారు. ఆ క్యాలెండర్ కాగితాలు, ఫోటోలు, వాడినవన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. హార్మోన్ పరీక్షలు రాయాలో, మాత్రలు మొదలుపెట్టాలో వాటిని చూసి చెప్పడం డాక్టరుకి తేలికవుతుంది.